మైలు ఎత్తు ఏ మెట్టు మీద?

డెన్వర్‌ను అమెరికాలో ‘మైల్ హై సిటీ’ అంటారు. సముద్రమట్టానికి సరిగ్గా మైలు, అంటే 5,280 అడుగుల ఎత్తు. ఆ చోటేదో చూద్దామని కొలరాడో శాసనసభ భవనం మెట్లెక్కితే తికమక తప్పదు. పదిహేనో మెట్టు రాయి మీద ‘సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తు’ అని చెక్కి ఉంటుంది. పద్దెనిమిదో మెట్టు మీద ఇంకో గుర్తు. 1969లో విద్యార్థులు మళ్ళీ కొలిస్తే తేలిన చోటది. 2003లో ఇంకోసారి కొలిచారు. ఈసారి మైలు పదమూడో మెట్టుకు దిగింది. అక్కడా గుర్తు పెట్టారు, పాతవి మాత్రం తీసెయ్యలేదు.

భవనం కదల్లేదు. కదిలింది సున్నా. డెన్వర్ దరిదాపుల్లో సముద్రమే లేదు మరి, సున్నా ఎక్కడని పెట్టాలి? 1929లో అమెరికా, కెనడా తీరాల్లో 26 చోట్ల ఆటుపోట్ల సగటు తీసి దాన్నే సున్నా అనుకున్నారు. తీరా చూస్తే సముద్రం అన్ని తీరాల్లో ఒకే మట్టంలో ఉండదు. అందుకని 1988 నాటి కొలమానానికి కెనడాలోని రిముస్కీ అనే ఒక్క చోటునే ఆధారం చేసుకున్నారు. దాంతో కొలరాడో ఎత్తు కాగితం మీద కాస్త పెరిగింది. అలాస్కాలోని దెనాలి శిఖరం కథ ఇంకో రకం. 2015లో జీపీఎస్‌తో కొలిస్తే 20,320 కాస్తా 20,310 అడుగులైంది. కొండ తరగలేదు, కొలత మెరుగైంది.

మెట్ల లెక్క ఎలా ఉన్నా పప్పుగిన్నెకు ఎత్తు తెలుస్తుంది. డెన్వర్‌లో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఓ పట్టాన ఉడకదు.

ఎత్తుపల్లాల మాటొస్తే అందరూ కాలిఫోర్నియానే చూపిస్తారు. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన బ్యాడ్‌వాటర్, 14,505 అడుగుల ఎత్తున విట్నీ శిఖరం. రెంటికీ మధ్య దూరం 85 మైళ్ళే. చూడ్డానికి బాగుంటుంది. నన్ను కలవరపెట్టేది మాత్రం అదే రాష్ట్రంలో, శాన్ వాకీన్ లోయలో 1977లో తీసిన ఒక ఫొటో. కరెంటు స్తంభం పక్కన భూగర్భ శాస్త్రవేత్త జోసెఫ్ పోలాండ్ నిలబడి ఉంటాడు. స్తంభానికి ఆయన తలకు చాలా పైన 1925 అని పలక. అప్పట్లో నేల అక్కడ ఉండేది! సేద్యానికి బోర్లతో నీళ్ళు తోడేసరికి అరవై ఏళ్ళైనా నిండకముందే దాదాపు 28 అడుగులు కుంగింది.

న్యూ ఆర్లీన్స్‌దీ ఇదే బాధ. చిత్తడి నేలను పంపులతో ఎండగట్టి ఊరు కట్టారు. తడి పోయిన మట్టి కుదించుకుపోయింది. ఇప్పుడు ఊళ్ళో సగం దాకా సముద్రమట్టానికి దిగువనే ఉంది. 2005లో కత్రినా తుపానుకు గట్లు తెగితే ఊరు ఎనభై శాతం మునిగింది. మిసిసిపీ ఒండ్రుతో ఏర్పడ్డ గట్టు మీద ఫ్రెంచివాళ్ళు కట్టిన పాతపేట చాలావరకు తడవలేదు.

ఉపగ్రహాల సాయంతో అమెరికా ఇప్పుడు మరో కొత్త సున్నాను సిద్ధం చేస్తోంది. డెన్వర్ మెట్ల మీద నాలుగో గుర్తు పడినా పడొచ్చు. ఈలోగా అటు వెళ్ళేవారు మూడు మెట్ల మీదా ఫొటోలు దిగి రండి.