అటకమీది తాళపత్రములు

కృష్ణవేణి సముద్రుని చేరు పుణ్యస్థలము హంసలదీవి. ఇచట సంగమస్నానము చేసిన కాకి హంసయైనదని స్థలపురాణము. ఈ దివిసీమకు తాటిచెట్టు తోబుట్టువు. దాని ఆకే మన పూర్వులకు కాగితము. ఆకును ఎండబెట్టి, ఉడికించి, మెరుగుపెట్టి, గంటముతో అక్షరములు గీచి, మసి పూసి, చెక్కపలకల నడుమ త్రాటితో కట్టెడివారు. ఉప్పుగాలి, తేమ, చెదలు దానికి జన్మశత్రువులు. ఒక ప్రతి శిథిలము కాకమునుపే వేరొక ప్రతి వ్రాసికొనుటయే గ్రంథమునకు ఆయుర్దాయము.

1864 నవంబరు 1వ తేదీన బందరును, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలు వేలకొలది ప్రాణములను బలిగొన్నవి. మనుష్యులే మిగులని ఇండ్లలో అటకమీది ఆకులు మిగులునా?

అయినను తెలుగువారికి కొంత దక్కినది. భూమికొలతల అధికారియైన కాలిన్ మెకంజీ కొలువులో కావలి బొర్రయ్యయు, ఆయన తమ్ముడు లక్ష్మయ్యయు శాసనములను, కరణముల కవిలెలను, వృద్ధులు చెప్పిన వృత్తాంతములను సేకరించిరి, సేకరింపజేసిరి. గ్రామచరిత్రలకు నిధులైన కైఫియత్తులు అట్లు పుట్టినవి. 1803లో బొర్రయ్య గతించినను పని ఆగలేదు. 1821లో మెకంజీ మరణించిన పిదప దక్షిణభాషల సంపుటములు మద్రాసు చేరి, కాలక్రమమున ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నిలిచినవి. సి.పి. బ్రౌను కూర్చిన తెలుగు గ్రంథములును ఆ భాండారమునకే చేరినవి. బందరులోను కొలువుచేసిన ఆ దొర, పండితులచేత పలు ప్రతులను పోల్పించి, పాఠభేదములు గుర్తింపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. పాలను నీటిని వేరుచేయు హంసకృత్యము ఇంతకన్న వేరేమున్నది?

ఒకప్పుడు బందరు రేవున వర్తకము సాగించిన అర్మీనియనుల పూర్వుల దేశమందు, యెరెవాన్ నగరమున, మాతెనదరాన్ అను లిఖితగ్రంథ భాండారమున్నది. అచటి ముష్ ఉపదేశగ్రంథము ఇంచుమించు 28 కిలోల బరువు. 1915 నాటి మారణకాండలో ఇరువురు స్త్రీలు దానిని రెండుగా విడదీసి, మోసికొనిపోయి కాపాడిరని చెప్పుదురు.

మన అటకమీది కట్ట అంత బరువైనది కాదు. అయినను పాత తాళపత్రములను పుష్కరములలో నదికి సమర్పించుట పుణ్యమను తలంపు మన యిండ్లలో ఉండెడిది. ఇంకను పూర్తిగా పోలేదు. ఇంట చదువగలవారు లేకపోవచ్చును, బయట ఉన్నారు. కట్టను దింపి, త్రాడు తెంపక, తడి తగులనీయక, తెలిసినవారికి చూపవలెను. నదికి ఇచ్చినది సముద్రుని పాలగును. గ్రంథాలయమునకు ఇచ్చినది మనుమల పాలగును.