ఎడారి తీరమునకు విహారయాత్ర

గల్ఫ్ దేశములందు ఉద్యోగము చేయుచున్న బంధువులు గల కుటుంబములు మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో ఉన్నవి. సెలవులలో వారిని పలుకరించి, ఆ దేశమును కూడ చూచి రావలెనను కోరిక సహజమైనదే. ఒమాన్ దేశమును ఉదాహరణగా గ్రహించి అట్టి యాత్రకు చేయవలసిన సన్నాహమును వివరింపదలచినాము. మనవారు సాధారణముగా టిక్కెట్టు ధరతో లెక్క ప్రారంభింతురు. మా అభిప్రాయమున ముందుగా నిర్ణయింపవలసినది నెల.

నందిగామ ఎండలకు ఓర్చినవానికి ఎడారి ఎండ ఒక లెక్కా అని కొందరందురు. మే నెలలో 45 డిగ్రీలు దాటు వడగాడ్పుల నడుమ పెరిగిన మనకు ఆ ధీమా కలుగుట వింత కాదు. కాని మన మెట్టనేలల వేడిమి పొడిగా ఉండును. పట్టిన చెమట ఆరి శరీరము చల్లబడును. మస్కట్ నగరము సముద్రపుటొడ్డున ఉన్నది. వేసవిలో ఆ సముద్రజలము 30 డిగ్రీలకు మించి వేడెక్కును. అందుండి లేచిన ఆవిరి గాలిలో నిండుటవలన చెమట ఆరదు. పగటి వేడిమి రాత్రివేళ తేలికగా తగ్గదు. మస్కట్‌కు ఆగ్నేయముగా నున్న ఖురియాత్ పట్టణమున 2018 జూన్ 26న, 24 గంటలలో ఒక్కసారియైనను ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు.

మన వేసవి సెలవులు సరిగా ఆ ఎండల కాలముననే వచ్చును. కొడుకును చూడబోయిన వృద్ధులు నెల దినములు ఏ.సి. గదిలో గడిపి, దేశమును కిటికీలోనుండి చూచి తిరిగి వత్తురు. అంత ఖర్చు అందుకా? నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అచట పగలు 25 డిగ్రీల ప్రాంతమున హాయిగా ఉండును. కావున క్రిస్మస్ లేక సంక్రాంతి సెలవులే తగినవి. రంజాన్ మాసము ఏటా సుమారు 11 దినములు ముందునకు జరుగును గనుక దానిని కూడ చూచుకొనవలెను. ఆ మాసమున పగటిపూట బహిరంగముగా తినుట, త్రాగుట అచట చట్టవిరుద్ధము.

మత్రా బజారు, నిజ్వా కోట, 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ మస్జిదు, వీనిని ఎవరైనను చూపింతురు. మేము ప్రత్యేకముగా చూడుమని కోరునది ఫలజ్ కాలువలను. కొండల అడుగున ఊరు నీటిని, ఏ యంత్రమును లేకుండ, కేవలము నేల వాలుచేత ఖర్జూరపు తోటలకు చేర్చు ప్రాచీన కాలువలివి. రైతులు నీటిని కాలపరిమితి ననుసరించి వంతులు వేసుకొందురు. పూర్వము పగలు నీడను, రాత్రి నక్షత్రములను చూచి వంతు నిర్ణయించెడివారు. 2006లో యునెస్కో అట్టి ఐదు కాలువలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల తగవులు ఎరిగిన మన విద్యార్థికి ఇంతకన్న ఆసక్తికరమైన దృశ్యము ఉండదనుకొందుము.

వేసవిలోనే పోక తప్పనివారికి ఒక మార్గము గలదు. మస్కట్‌కు సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, దక్షిణ తీరమున నున్న సలాలా పట్టణమును జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు పొగమంచు, తుంపర కప్పియుండును, కొండలు పచ్చబడును. మనకు వాన తెచ్చు నైరుతి ఋతుపవనమే ఆ తీరమును రాసుకొని పోవును. ఆ గాలికి సముద్రపు లోతులలోని చల్లని నీరు పైకి వచ్చుటచే గాలిలోని తేమ మంచుగా మారి కొండలను తాకును. ఆ కాలమును వారు ఖరీఫ్ అందురు. అరబ్బీలో శరదృతువని అర్థము గల ఈ మాటయే ఫార్సీ, ఉర్దూల ద్వారా మన రైతు నోటికి చేరినది.

ఎడారిలో నీటి ప్రమాదమేమని అనుకొనరాదు. వాదీ అనబడు ఎండువాగులు, ఎక్కడో కొండలలో కురిసిన వానకు నిమిషములలో పొంగును. 2024 ఏప్రిల్‌లో అట్టి వరదలలో బడిపిల్లలతో సహా పలువురు మరణించిరి. 2023 జూలైలో మున్నేరు ఐతవరము వద్ద జాతీయ రహదారిని ముంచినపుడు మన వాహనములు ఆగినవి. అచటను అట్లే ఆగవలెను.

సందర్శక వీసాపై పోయినవారు అచట జీతమునకు పనిచేయరాదు. ముందు దిగండి, పని తరువాత చూపింతుమను ఏజెంటు మాట నమ్మినవారికి జరిమానా, దేశబహిష్కరణ తప్పకపోవచ్చును. ఇక సామాను. గసగసాలు గల్ఫ్ దేశములు పెక్కింట నిషిద్ధ వస్తువు. కొడుకు కొరకు ఇంట నూరిన మసాలా పొడిని తల్లులు ప్రేమతో పెట్టెలో పెట్టుదురు; అందులో గసగసాలు పడకుండ చూడవలెను. నిత్యము వాడు మందులకు డాక్టరు చీటీని వెంట ఉంచుకొనవలెను.