పీటా కేసంటే ఏంటి? తిరుపతి, చిత్తూరులో సెక్స్ వర్కర్ల గురించి చట్టం ఏం చెబుతోంది, సాయం ఎక్కడ దొరుకుతుంది

"లాడ్జిపై పోలీసుల దాడి, నలుగురు మహిళలు, ముగ్గురు విటుల అరెస్టు." జిల్లా పేజీలో ఇలాంటి వార్త తిరుపతి, చిత్తూరు పాఠకులకు కొత్తేం కాదు. పక్కనే ఫొటో. చున్నీతో మొహం కప్పుకున్న ఆడవాళ్లు, వెనకాల వరసగా నిలబడ్డ పోలీసులు. చదివేసి పేజీ తిప్పేస్తాం. ఆ నలుగురిలో నేరం చేసింది ఎవరు, నేరానికి గురైంది ఎవరు అన్నది మాత్రం ఆ వార్తలో ఉండదు. చట్టం ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది.

మన దగ్గర అందరూ 'పీటా' అని పిలిచేది 1956 నాటి చట్టం. 1986లో సవరించి ఇప్పుడున్న పేరు పెట్టారు. దీని గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మేజర్ అయిన మహిళ తన ఇష్టంతో, ఒంటరిగా, బయటివారి కంట పడకుండా చేసే పనిని ఈ చట్టం నేరం అనలేదు. దాని చుట్టూ జరిగే వాటిని నేరం అంది. ఇల్లు పెట్టి వ్యాపారం నడపడం (3వ సెక్షన్), ఒకరి సంపాదన మీద ఇంకొకరు బతకడం (4), మాయమాటలు చెప్పి ఈ పనిలోకి దించడం (5), బలవంతంగా నిర్బంధించడం (6), రోడ్డు మీద నిలబడి పిలవడం (8) నేరాలు. ఇష్టం లేని మనిషిని ఇందులోకి దించితే 7 నుంచి 14 ఏళ్ల జైలు. బాధితురాలు 18 ఏళ్ల లోపు పిల్ల అయితే ఇష్టం అన్న మాటే చెల్లదు, పోక్సో చట్టం కూడా పడుతుంది.

ఇంకో మెలిక ఉంది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఒకే ఇంట్లో, ఇద్దరి లాభం కోసం ఈ పని చేసినా ఆ ఇల్లు 'వ్యభిచార గృహం' కిందికే వస్తుంది. భద్రత కోసం తోడు పెట్టుకున్నా అంతే. ఒంటరిగా ఉంటే ప్రమాదం, తోడుంటే కేసు.

తిరుపతిలో అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది 7వ సెక్షన్ గురించి. ప్రార్థనా స్థలం, బడి, కాలేజీ, హాస్టల్, ఆసుపత్రి, వీటిలో దేనికైనా 200 మీటర్ల లోపు ఈ పని జరిగితే నేరం. మహిళకే కాదు, వచ్చిన మగవాడికీ 3 నెలల వరకు జైలు. గుడి, మసీదు, దర్గా, చర్చి ఏదైనా లెక్కలోకి వస్తుంది. రైల్వే స్టేషన్ పక్కనే గోవిందరాజస్వామి ఆలయం ఉన్న ఊరిది. అడుగడుక్కీ గుడి, కాలేజీ, హాస్టల్ ఉన్నచోట 200 మీటర్ల గీతలు గీసుకుంటూ పోతే ఊరి నడిబొడ్డున మిగిలేది కొంచెమే. 'చట్టంలో నేరం కాదు' అన్న మాట కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, ఈ ఊళ్లో అది ఆచరణలోకి వచ్చేసరికి చాలా పలుచబడిపోతుంది. తెలిసి గది ఇచ్చిన లాడ్జి యజమాని మీద కూడా కేసు పెట్టొచ్చు, లైసెన్సు 3 నెలల నుంచి ఏడాది దాకా సస్పెండ్ చేయొచ్చు.

ఇల్లు అద్దెకిచ్చే వాళ్లూ ఇది తెలుసుకోవాలి. మన కుటుంబాల్లో పై పోర్షనో, పక్క గదో అద్దెకిచ్చి ఆ డబ్బుతో నెల గడుపుకునే వాళ్లు చాలామంది. లోపల ఏం జరుగుతోందో తెలిసీ ఊరుకుంటే యజమానికి కూడా జైలు తప్పదు. ఆ ఇంట్లో సోదా జరిగిందని ఆ ప్రాంతంలో తిరిగే పేపర్లో వార్త వస్తే, యజమానికి విషయం తెలిసినట్టే చట్టం భావిస్తుంది. తెలియదని నిరూపించుకోవాల్సిన బరువు ఆయన మీదే పడుతుంది.

నాలుగో సెక్షన్ ఇంకా ఇబ్బందికరం. ఒకరి సంపాదన మీద తెలిసి బతికే 18 ఏళ్లు దాటిన వాళ్లెవరైనా అంటే బ్రోకర్ ఒక్కడే కాదు. ఆమె మీద ఆధారపడ్డ ముసలి తల్లి, డిగ్రీ చదివే కొడుకు కూడా ఆ మాటల కింద చిక్కుకోవచ్చు. దోచుకునేవాడి కోసం రాసిన నిబంధన అన్నం తినేవాడి మీద కూడా పడేలా ఉండటం ఈ చట్టంలో పెద్ద లోపం.

ఇక సుప్రీంకోర్టు సంగతి. 2022 మే 19న వచ్చిన ఉత్తర్వు తర్వాత 'వ్యభిచారాన్ని వృత్తిగా ఒప్పుకున్నారట, పోలీసులు ఇక ముట్టుకోకూడదట' అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది సగమే నిజం. 1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్ హత్య జరిగింది. ఆ కేసు (బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు) అప్పీలు మీద 2011లో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, విషయాన్ని అక్కడితో వదలకుండా ఒక కమిటీ వేసింది. కమిటీ చేసిన 10 సిఫార్సుల్లో ఆరింటిని మాత్రమే జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు బెంచ్ 2022లో రాష్ట్రాలు తప్పనిసరిగా పాటించాలని చెప్పింది. ఇష్టపూర్వకంగా చేసే మేజర్ల విషయంలో పోలీసులు జోక్యం చేసుకోవద్దు, సోదాల్లో మహిళలను అరెస్టు చేయొద్దు, ఈ పని చేస్తోందన్న ఒక్క కారణంతో తల్లి నుంచి బిడ్డను వేరు చేయొద్దు అన్నవి కేంద్రం అభ్యంతరం చెప్పిన నాలుగింటిలో ఉన్నాయి. కాబట్టి వాటిని పట్టుకుని స్టేషన్లో వాదిస్తే నిలవకపోవచ్చు.

నిలిచేవి ఏంటంటే, లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా ఏ మహిళకైనా దొరికే వైద్యం, సాయం వెంటనే దొరకాలి. పోలీసులు తిట్టకూడదు, కొట్టకూడదు. కండోమ్ దొరికిందని దాన్ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో ఉంచిన మేజర్ల వివరాలు సేకరించి, వాళ్లను విడుదల చేయించాలి. వాళ్ల హక్కులపై న్యాయసేవా సంస్థలు సదస్సులు పెట్టాలి. సోదా జరిగినప్పుడు మీడియా వాళ్ల ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదు. ఆ చివరిది విలేకరులకు నేరుగా తగిలే మాట.

సోదా రోజు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బృందంలో కనీసం ఇద్దరు మహిళా పోలీసులుండాలి. ఆడవాళ్లను మహిళా పోలీసులే ప్రశ్నించాలి, వాళ్లు లేకపోతే సంక్షేమ సంస్థకు చెందిన ఒక మహిళ ముందు ప్రశ్నించాలి. విడిపించి తెచ్చిన మహిళను వెంటనే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ తర్వాత మాత్రం రక్షణ గృహంలో ఏడాది నుంచి 3 ఏళ్ల దాకా ఉంచమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అందుకే మొదటి రోజే లాయర్ కావాలి. మహిళలకు, అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ ఇవ్వాలని 1987 న్యాయసేవా చట్టం చెబుతోంది. చిత్తూరు కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. అత్యాచారం జరిగితే జాతీయ పథకం కింద 4 లక్షల నుంచి 7 లక్షల దాకా పరిహారానికి అర్జీ పెట్టుకునేదీ ఇక్కడే. 'ఆమె అలాంటిదే కదా' అన్న వాదనను సుప్రీంకోర్టు 1990లోనే కొట్టేసింది. ఎవరి ఇష్టానికి వాళ్లు ఆమె మీద చెయ్యి వేసే హక్కు లేదని తేల్చింది.

ఆరోగ్యం విషయంలో తిరుపతి రుయా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, ఏఆర్‌టీ మందులు ఉచితం. 2017 చట్టం ప్రకారం ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. సందేహాలకు 1097 ఉంది. తిరుపతిలో మీరా రాఘవేంద్ర నడిపిన 'విన్స్' (ఉమెన్స్ ఇనిషియేటివ్స్) లాంటి సంస్థలు ఈ మహిళలతో చాలా ఏళ్లు పనిచేశాయి. సర్కారు కార్యక్రమాలు కూడా ఇలాంటి సంస్థల ద్వారా, తోటి మహిళలనే కార్యకర్తలుగా పెట్టుకునే వీళ్లను చేరుకుంటాయి.

కాగితాల్లేవని రేషన్ ఆగిపోయిన కథలు కోవిడ్ టైంలో బయటికొచ్చాయి. గుర్తింపు కార్డు అడగకుండా బియ్యం, పప్పు ఇవ్వమని 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు అడ్రస్ రుజువు లేకపోయినా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ప్రాజెక్టు డైరెక్టర్ లేదా నాకో గెజిటెడ్ అధికారి ఇచ్చే పత్రంతో ఆధార్ తీసుకోవచ్చు. కార్డు మీద ఆమె పని తెలిసేలా ఏ గుర్తూ ఉండకూడదు.

బయటికి రావాలనుకునే వాళ్లకు సఖి వన్ స్టాప్ సెంటర్లు, మిషన్ శక్తి కింద శక్తి సదన్లు ఉన్నాయి. 181 మహిళల హెల్ప్‌లైన్, పిల్లలైతే 1098. వచ్చిన మనిషిని మళ్లీ వెనక్కి నెట్టేది చాలాసార్లు ఇంటివాళ్లే. ఇజ్జత్ పోయిందని తలుపు మూసేస్తారు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పోసిన ఒక వేశ్యను అల్లాహ్ క్షమించాడన్న హదీసు మన ఇళ్లలో అందరూ విన్నదే. బలవంతంగా ఈ పనిలోకి దించడాన్ని సూరా నూర్ 33వ ఆయత్ నిషేధించింది కూడా.

అసలు ఈ పనిలోకి దిగడం ఎక్కడ మొదలవుతుందో చూస్తే రాయచోటి, మదనపల్లె, కడప వైపు ఇళ్లకు బాగా తెలిసిన దారి ఒకటి కనబడుతుంది. కువైట్లో ఇంటి పని, మంచి జీతం, విజిట్ వీసా. పదో తరగతి పాస్ కాని, 30 ఏళ్లు నిండని మహిళలను గల్ఫ్‌కు ఇంటి పనికి పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. 30 దాటినా పంపాల్సింది ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే. మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్. ప్రైవేటు ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టాడంటే ఆ నిబంధనల నుంచి తప్పించుకోవడానికే. అలా వెళ్లిన మనిషికి అక్కడ ఇమిగ్రేషన్ రికార్డుల్లో పనిమనిషిగా ఉనికే ఉండదు, ఆమెను ఎవరికి అమ్మినా అడిగేవాళ్లుండరు. మోసం చేసి తీసుకెళ్లి దోపిడీ చేయడం భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా. కనీసం 7 ఏళ్ల జైలు, 18 ఏళ్ల లోపు పిల్ల అయితే కనీసం 10 ఏళ్లు. ఏజెంటు చుట్టమైనా, పక్కింటివాడైనా ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకు ముందు అతను పంపిన మెసేజులు, డబ్బు కట్టిన రసీదులు, వీసా కాపీ డిలీట్ చేయకుండా ఉంచుకోవాలి.