అరటిని నమ్మిన దీవులు

అరటి మన రైతులకు క్రొత్త పంట కాదు. రావులపాలెము సంతలో గెలల బేరము చూచినవారికిని, అనంతపురము జిల్లాలో బొట్టునీటి సేద్యముతో తోటలు పెంచినవారికిని ఆ పంటలోని లాభనష్టములను గూర్చి మేము క్రొత్తగ చెప్పవలసినది లేదు. మేమిచట చెప్పదలచినది భూగోళమున కావలి ప్రక్కనున్న కొందరు అరటి రైతుల సంగతి. వారును మనవలెనే రెండు మూడెకరముల కమతములవారు, మనవలెనే సంఘముగ కూడి సరకు నమ్మినవారు. ప్రపంచీకరణమను మాట నేడు పల్లెలకు గూడ వచ్చినది. దేశముల నడుమ సుంకములును, ఆంక్షలును తగ్గి, ఎక్కడ చవుకగ పండిన సరకైనను ఎక్కడికైనను పోవుటయే దాని సారము. అట్టి ఏర్పాటులో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి దూరమైనదియు నగు ప్రదేశమున కేమగునో ఈ దీవుల చరిత్ర తేటగ చూపుచున్నది.

కారిబియన్ సముద్రపు తూర్పు అంచున వరుసగ నున్న డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంటు, గ్రెనడా అను వానికి విండ్‌వర్డ్ దీవులని పేరు. డొమినికా వైశాల్యము 750 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఇంచుమించు 70 వేలు, అనగా మన యొక పెద్ద మండలములోని జనముకంటె హెచ్చు కాదు. సెయింట్ లూసియా వైశాల్యము 617 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అయినను ఇవన్నియు వేర్వేరు స్వతంత్ర దేశములు. ప్రతిదానికిని మంత్రులు, శాసనసభ, న్యాయస్థానము, పోలీసులు, ఆసుపత్రులు ఉండవలెను. ఒక మండలపు జనము చెల్లించు పన్నులతో ఒక రాజ్యపు ఖర్చంతయు గడువవలెనన్నచో అది ఎంత కష్టమో ఏ పంచాయతీ లెక్కలు చూచినవారైనను ఊహింపగలరు. ఎరువు, ఇనుము, చమురు, గోధుమపిండి అన్నియు ఓడమీదనే రావలెను. కొలది సరకునకై వచ్చు ఓడకు కేవు హెచ్చు.

ఈ దీవులలో పూర్వము చెరకు, కోకో, నిమ్మ పండెడివి. 1950ల తొలినాళ్లలో గీస్టు అను ఆంగ్ల వర్తక సంస్థ అరటి కాయలను కొని ఇంగ్లండునకు చేర్చుటకు పూనుకొనెను. అప్పటి నుండి కొండచరియలన్నియు అరటితోటలయ్యెను. దీనికి తగిన కారణము కలదు. ఆ సముద్రమున పెనుతుపానులు తఱచు. జాజికాయవంటి చెట్టు పడిపోయినచో మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. 2004లో గ్రెనడా జాజికాయ తోటలు ఐవాన్ తుపానునకు నేలమట్టమైనప్పుడు ఆ రైతు లనుభవించినది ఇదియే. అరటి అట్లు కాదు. గాలికి పడిన తోటలో పిలకలు నిలిచి, తొమ్మిది పది నెలలలో మరల గెల కోతకు వచ్చును. అదిగాక సంవత్సరము పొడుగున కోత కలదు. వారము వారము ఓడ వచ్చును, వారము వారము పైకము చేతికి వచ్చును. పిల్లల చదువులు, ఇండ్లు, దుకాణపు అప్పులు అన్నియు ఆ పైకముమీదనే నడచెను. జనులు అరటిని పచ్చ బంగారమని పిలిచిరి. 1990 ప్రాంతమున ఈ దీవులలో మూడింటి ఎగుమతి రాబడిలో ఇంచుమించు సగమో, అంతకు మించియో అరటినుండియే వచ్చుచుండెను.

అయితే ఆ బంగారమునకు తాళపుచెవి దీవులలో లేదు. మధ్య అమెరికాలోను, ఈక్వడారులోను విశాలమైన చదునుభూములలో గొప్ప కంపెనీల తోటలున్నవి. అచ్చట కూలి తక్కువ, యంత్రములు హెచ్చు, కాలువలు ఉన్నవి. కొండచరియమీద గెలను తలపై మోసి దింపు రైతు వారి ధరకు పండింపలేడు. ఆ చవుక కాయను ఇంగ్లండులోనికి విచ్చలవిడిగ రానీయకుండ ఆంగ్ల ప్రభుత్వము కట్టడి చేసినందుననే విండ్‌వర్డ్ కాయకు చోటు దొరకెను. యుద్ధానంతరము డాలర్లకు కరవు వచ్చిన కాలమున ఆ ప్రభుత్వము తన అవసరమునకు చేసికొన్న ఏర్పాటది. 1975లో లోమే ఒడంబడికయందు, పూర్వపు వలస దేశములకు అరటి విషయమున అదివరకున్న సౌకర్యము తగ్గనీయమని ఐరోపా దేశములు మాట యిచ్చెను. రైతులు ఆ మాటను శాశ్వతమని నమ్మిరి. మాట యిచ్చినవాడు తాను చేరిన క్రొత్త సంఘముల నియమములకు లోబడవలసిన దినము వచ్చునని ఆలోచించినవారు కొలదిమంది.

మొదటి దెబ్బ నాణెమువలన తగిలెను. కాయ అమ్మకము ఇంగ్లండు పౌనులలో. దీవుల డాలరు 1976 నుండి అమెరికా డాలరునకు కట్టబడి యున్నది. 1992 సెప్టెంబరులో పౌను విలువ ఒక్కసారి పడిపోయెను. తోటలో కాయ అదే, ఓడ అదే, కొనువారును వారే. రైతు చేతికి వచ్చు సొమ్ము మాత్రము తగ్గెను.

1993లో ఐరోపా దేశములు ఒకే విపణిగ నేర్పడి, వలసదేశపు అరటికి మేలుగను, తక్కిన అరటికి కట్టడిగను ఉండునట్లు ఒక నిబంధన చేసెను. దానిపై 1996లో ఈక్వడారు, గ్వాటెమాలా, హోండురాసు, మెక్సికో, అమెరికా సంయుక్త రాష్ట్రములు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసెను. ఇందు అమెరికా అరటిని చెప్పుకోదగినంత ఎగుమతి చేయు దేశము కాదు; ఆ దేశపు కంపెనీలకు ఇతర దేశములలో తోటలును, వర్తకమును కలవు, అంతే. ప్రపంచ అరటి వాణిజ్యమున విండ్‌వర్డ్ దీవుల పాలు నూటికి రెండు మూడు మాత్రమే యనునది కూడ చదువరులు గమనింపవలెను.

ఈ వ్యాజ్యమున దీవులు ఫిర్యాదీలు కావు, ప్రతివాదులును కావు. ప్రతివాది ఐరోపా. ఎవరి బ్రదుకు తీర్పుమీద ఆధారపడి యుండెనో ఆ దీవులకు మూడవ పక్షమను హోదా మాత్రమే దక్కెను. మరియు సెయింట్ లూసియా తన పక్షమున మాటలాడుటకు ప్రైవేటు న్యాయవాదులను తీసికొని పోగా, వారు ప్రభుత్వోద్యోగులు కారను కారణమున విచారణ మండలి వారిని బయటికి పంపెను. పెద్ద దేశములకు జీతముపై నూర్లకొలది న్యాయవాదులుందురు. లక్ష చిల్లర జనముగల దీవికి అది సాధ్యమా? 1997లో పై విచారణ మండలి ఈ న్యాయమును గుర్తించి, ఏ దేశమైనను తన ప్రతినిధులను తానే ఎన్నుకొనవచ్చునని నిర్ణయించెను. అప్పటి నుండి చిన్న దేశము లన్నింటికిని ఈ హక్కు దక్కినది. కాని అరటి తీర్పు మాత్రము దీవులకు ప్రతికూలముగనే వచ్చెను.

ఐరోపా వెంటనే లొంగలేదు. 1999లో అమెరికా, ఆ సంస్థ అనుమతితో, సాలుకు 19 కోట్ల 14 లక్షల డాలర్ల విలువగల ఐరోపా సరకులపై ప్రతీకార సుంకము వేసెను. చేతిసంచులు, పక్కదుప్పట్లు చేయువారు అరటి తగవునకు శిక్ష ననుభవించిరి. 2006లో కట్టడులు పోయి, దక్షిణ, మధ్య అమెరికాల అరటిపై టన్నుకు 176 యూరోల సుంకము మాత్రము నిలిచెను. 2009 డిసెంబరు ఒప్పందము ఆ సుంకమును క్రమముగ 114 యూరోలకు తగ్గించుటకు నిర్ణయించెను. 2012లో ఉభయ పక్షములును తగవు ముగిసినదని సంతకములు చేసిరి.

ఇదంతయు బయటి కథ. లోపలి కథ మన సంఘ సభ్యులకు మరింత ముఖ్యము. దీవి దీవికిని ఒక అరటి రైతుల సంఘముండెను. రైతు కాయ ఆ సంఘము ద్వారానే ఎగుమతి కావలెను. సెయింట్ లూసియాలో ఆ సంఘము చట్టముచే ఏర్పడినది. దాని నిర్వహణలో ప్రభుత్వపు చేయి పెద్దది. మంచి ధర యున్నన్నాళ్లు ఖర్చులను ఎవరును ప్రశ్నింపలేదు. ధర పడగానే సంఘపు అప్పులు బయటపడెను. 1993 అక్టోబరులో రైతులు మంచి ధర కావలెననియు, సంఘపు నిర్వహణ మారవలెననియు కోరి కాయ కోయుట మానివేసిరి. మబూయా లోయలో పోలీసు కాల్పులకు ఇద్దరు రైతులు బలియైరి. 1998లో ప్రభుత్వము పాత సంఘపు అప్పును తాను వహించి, దానిని రైతుల వాటాలు గల కంపెనీగ మార్చెను. పేరునకు రైతులదియై, లెక్కలు రైతులకు కానరాని సంఘము కష్టకాలమున నిలువజాలదని మా అభిప్రాయము. జెనీవాలో ఓడిపోవుట దీవుల వశములో లేదు. లెక్కలు చూచుకొనుట వశములోనే యుండెను.

1994లో దీవుల ప్రభుత్వములును, రైతు సంఘములును కలసి ఒక ఉమ్మడి కంపెనీని స్థాపించి, 1996 ఆరంభమున ఒక ఐర్లండు వర్తక సంస్థతో సగపాలుగ గీస్టువారి అరటి వ్యాపారమును కొనిరి. నలువది యేండ్లు ఇతరుల చేతిలోనున్న ఓడ, గిడ్డంగి, అమ్మకము అప్పటికి రైతుల పక్షమునకు సగము వచ్చెను. ఆ పని ఇరువది యేండ్లు ముందు జరిగియుండిన ఎంత మేలగునో!

1990ల తొలినాళ్లలో ఈ దీవులలో సుమారు 25 వేలమంది అరటి రైతులుండగా, 2000ల నడుమకు వారు 5 వేలకు లోపై పోయిరి. సుంకము తగ్గుట ఒక్కటే దీనికి హేతువు కాదు. ఇంగ్లండులోని పెద్ద అంగళ్లవారు కాయమీద చిన్న మచ్చనైనను ఒప్పరు. పిమ్మట ప్రతి తోటకును యోగ్యతాపత్రము కావలెననిరి: చేతులు కడుగుకొను వసతి, పురుగుమందులకు వేఱు గది, చల్లిన ప్రతి మందునకు లెక్క. ఇవి చెడ్డవని మేమనము. కాని వేయి ఎకరముల కంపెనీకిని, రెండెకరముల వితంతువునకును గది కట్టుటకు అగు ఖర్చు ఇంచుమించు ఒకటే.

నిలిచినవారిలో పలువురను నిలిపినది న్యాయ వర్తకమను పద్ధతి. 2000లో విండ్‌వర్డ్ కాయ ఆ ముద్రతో ఇంగ్లండులో అమ్ముడగుట మొదలయ్యెను. 1982లో ఏర్పడిన రైతుల స్వంత సంఘమొకటి దీనికి నడుము కట్టెను. కనీస ధరకు పైగా పెట్టెకు ఒక డాలరు చొప్పున రైతుల కూటమికి ముట్టును. దానిని దేనికి వెచ్చింపవలెనో సభ్యుల సభయే తీర్మానించును. తోటలకు బాటలు వేసికొన్నవారు కొందరు, బడులకు సాయపడినవారు కొందరు. పాత సంఘములో ఎన్నడును నోరు విప్పని రైతు ఈ సభలలో లెక్క లడుగ నేర్చెను.

ఈ సంగతి మనకేలయని కొందరందురు. 2020 జనవరిలో తాడిపత్రి నుండి బొంబాయి రేవునకు 43 శీతల పెట్టెలలో 980 టన్నుల అరటి రైలుమీద పోయి, అచ్చటి నుండి ఓడ యెక్కెను. ఆ తోటల రైతులకు దేశములోనే గొప్ప విపణి కలదు. ఓడ రాకున్న కాయను హైదరాబాదునకో, ఢిల్లీకో పంపుకొందురు. దీవివానికి ఆ రెండవ త్రోవ లేదు. వానికిని మనకును గల భేదమదియే.

అరటి తగ్గిన పిమ్మట దీవుల ప్రభుత్వములు వేఱు దారులు వెదకెను. పన్ను తక్కువ చేసి పరదేశపు సొమ్మును తమ బ్యాంకులలోనికి రప్పించుకొనుట ఒకటి. 2000లో ధనిక దేశముల ఆర్థిక సంస్థ పన్ను ఎగవేతకు తావిచ్చు ప్రదేశముల జాబితా ప్రకటించి, అందు ఈ నాలుగు దీవులను చేర్చెను. వారు చట్టములు మార్చుకొనవలసి వచ్చెను. డొమినికా 1993 నుండియే పౌరత్వమును విక్రయించుచున్నది. నిర్ణీతమైన సొమ్ము చెల్లించిన పరదేశీయునకు ఆ దేశపు పాసుపోర్టు నిత్తురు. ఆ పైకము ఖజానాకు గొప్ప ఆధారమైనది. 2023 జులైలో బ్రిటను, ఆ పద్ధతి దుర్వినియోగమగుచున్నదని చెప్పి, డొమినికా పౌరులకు వీసా తప్పనిసరి చేసెను. అరటియైనను, బ్యాంకైనను, పాసుపోర్టైనను అమ్ముడగుట ఇతర దేశపు అనుమతివలననే. ఆ అనుమతి మారినపుడెల్ల దీవి మరల మొదటికి వచ్చుచున్నది.

ఈ చిన్న ప్రభుత్వములు ఒండొరులతో కలసి చేసిన పనులలో మాత్రము మేము మెచ్చుకొనదగినవి పెక్కు కలవు. 1981లో తూర్పు కారిబియన్ దీవులు ఒక కూటమిగ నేర్పడెను. 1983లో వానికి ఉమ్మడి కేంద్ర బ్యాంకు వచ్చెను. 1986 నుండి ఆసుపత్రులకు వలయు మందులను వేర్వేరుగ గాక ఒక్కటిగ కొనుచున్నారు. మన సంఘములు ఎరువును కలసి కొనునట్లే యిది. ఒక్కొక్క దీవి కోరిన కొలదికి దొరకని ధర అందరి కోర్కె నొక్కటి చేయగా దొరకెను. 2007లో కారిబియన్ దేశములు కలసి తుపాను, భూకంపములకు ఉమ్మడి బీమా నిధి నేర్పఱచెను. 2017 సెప్టెంబరు 18వ తేది రాత్రి మారియా తుపాను డొమినికాను తాకినపుడు ఆ నిధి నుండి రెండు వారములలోపుగనే ఇంచుమించు 1 కోటి 90 లక్షల డాలర్లు వచ్చెను. నష్టము 130 కోట్ల డాలర్లని అంచనా వేసిరి. అది ఆ దేశము రెండేండ్లు సంపాదించు దానికంటె హెచ్చు. బీమా సొమ్ము సముద్రములో కాకిరెట్ట యని నవ్వవచ్చును. కాని కరెంటు, బాటలు, జీతములు ఏవియు లేని ఆ వారములలో ఖజానాకు చేరిన రొక్కము విలువ వేఱు.

డొమినికాలో హక్‌స్టర్లని పిలువబడు చిల్లర వర్తకులు కలరు. వారిలో పెక్కండ్రు స్త్రీలు. పెద్ద ఓడ అరటిని ఇంగ్లండునకు మోయుచున్న దినములలోను, అది తగ్గిన పిమ్మటను, వారు చేమదుంపలు, కూర అరటి, పండ్లు రైతులయొద్ద కొని, చిన్న పడవలమీద గ్వాడలూపు, ఆంటిగ్వా మొదలగు పొరుగు దీవులకు కొనిపోయి అమ్ముచున్నారు. 1981లోనే వారు తమకొక సంఘమును కట్టుకొనిరి. పడవలలో సరకు నలిగి పాడగుచుండెననియు, సంచులకు మారుగ పెట్టెలు కావలెననియు, పెట్టెలు విడివిడిగ కొన్న ప్రియమనియు గ్రహించి, ఉమ్మడిగ తెప్పించుకొనుటయే ఆ సంఘపు తొలి పనులలో నొకటి.