గాలి పైపే కదా అనుకోవద్దు!

ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చేసి వర్క్‌షాపు ఉద్యోగానికో, సొంత షెడ్డుకో సిద్ధమవుతున్నారా? కంప్రెషర్ నుంచి గన్ను దాకా గాలిని మోసే పైపు సంగతి ముందే తెలుసుకోండి.

గంభీరావుపేటలో ట్రాక్టర్ రిపేరు షెడ్డు పెట్టినా, సిరిసిల్లలో బైకు సర్వీసింగ్‌కు చేరినా, జగిత్యాల, కోరుట్లలో ఫర్నిచర్ పనికి వెళ్లినా గాలితో నడిచే పనిముట్లు తప్పవు. నట్లు విప్పే ఇంపాక్ట్ గన్, స్ప్రే గన్, స్టేప్లర్, గ్రైండర్... అన్నీ గాలి మీదే. కంప్రెషర్‌కు వేలకు వేలు పెట్టినవాళ్లు కూడా పైపు దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటి ఇయ్యన్నా' అంటారు. తర్వాత నట్టు విప్పుకోకపోతే తిట్లన్నీ గన్నుకే!

మీటర్ చెప్పేది సగమే

'కంప్రెషర్ మీటర్ 8 బార్ చూపిస్తోంది. గన్ను మాత్రం లాగట్లేదు. ఎందుకు?' ప్రాక్టికల్ ఇంటర్వ్యూలో ఎదురుకాదగ్గ ప్రశ్న ఇది. ఆ మీటర్ ట్యాంకులో ప్రెషర్ ఎంతో చెబుతుంది. పనిముట్టుకు కావాల్సింది ట్రిగ్గర్ నొక్కి, గాలి పారుతున్నప్పుడు తన దగ్గరుండే ప్రెషర్. ఎక్కువ పనిముట్లకు అది దాదాపు 6.3 బార్, అంటే 90 పీఎస్‌ఐ. ఈ రెండింటి మధ్య తేడాను మింగేది పైపే.

పైపు పొడవు రెట్టింపైతే ప్రెషర్ నష్టం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. లోపలి రంధ్రం సగమైతే మాత్రం, అదే గాలికి నష్టం సుమారు 32 రెట్లు! నష్టం వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి ఇంత తేడా. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే చాలు, పని తెలిసినవాడని అడిగినవాళ్లకు అర్థమైపోతుంది.

8 ఎంఎం అంటే ఏ 8?

షాపులో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. రబ్బరు పైపును లోపలి కొలతతో పిలుస్తారు. నీలం రంగులో తేలిగ్గా ఉండే పీయూ పైపును సాధారణంగా బయటి కొలతతో పిలుస్తారు. అందుకే 8 ఎంఎం పీయూ లోపల చాలాసార్లు 5 ఎంఎం రంధ్రమే ఉంటుంది. 8 ఎంఎం రబ్బరు పైపుతో పోలిస్తే అందులో నష్టం పదింతలు. పేరు ఒకటే, రేటు కూడా దగ్గరదగ్గరే, పని మాత్రం వేరు. 'లోపల ఎంతన్నా?' అని అడిగి, పైపు మీద 8 x 5 లాంటి అంకెలు చూసి కొనండి.

టైర్లలో గాలి నింపడానికి, దుమ్ము ఊదడానికి పావు ఇంచు సరిపోతుంది. ఇంపాక్ట్ గన్‌కు 3/8 ఇంచు, అంటే మూడు సూత్‌లు తీసుకోండి. ఆగకుండా తిరిగే గ్రైండర్, శాండర్‌లకు అర ఇంచు మేలు. పెద్ద పైపు వేసి చివర సన్నని క్విక్ కప్లర్ బిగిస్తే డబ్బు దండగ. గాలి అక్కడే ఇరుక్కుంటుంది.

ఎండ, నూనె, నిప్పురవ్వ

పీవీసీ పైపు చౌక. కానీ చాలా రకాలు సుమారు 60 డిగ్రీల వేడి వరకే. మే నెలలో రోడ్డు పక్కన పరిచిపెడితే మెత్తబడి ఉబ్బే ప్రమాదముంది. పీయూ తేలిక, నూనెనూ రాపిడినీ తట్టుకుంటుంది. నిప్పురవ్వ పడితే మాత్రం కరిగి బొక్క పడుతుంది. వెల్డింగ్ జరిగే షెడ్డులో బరువైనా రబ్బరే నయం. రబ్బరు ఎయిర్ పైపులకు మన ప్రమాణం ఐఎస్ 446. పైపు మీద డబ్ల్యూపీ అని ఉంటే అది పని చేయించదగ్గ ప్రెషర్, బీపీ అంటే పగిలే ప్రెషర్. దుకాణదారు రెండోది చూపించి గొప్ప చెబితే నమ్మకండి, మీకు లెక్క మొదటిదే. వేడి పెరిగేకొద్దీ అది కూడా తగ్గుతుంది.

సుత్తిలా కొట్టే గన్నుకు కప్లర్‌ను నేరుగా బిగించకుండా మధ్యలో అడుగో రెండడుగులో చిన్న పైపు ముక్క వేస్తే అదురుకు కప్లర్ త్వరగా అరగదు. లీకేజీ ఉందేమోనని అనుమానమొస్తే జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. గాలి ఆపకుండా, పైపులో ఉన్నది వదిలేయకుండా జాయింట్ విప్పకండి. ఊడిన పైపు కొరడాలా తిరిగి కొడుతుంది.

ఇంకో అలవాటు మాత్రం మానాల్సిందే. సాయంత్రం పని అయ్యాక బట్టల మీది దుమ్మును అదే గాలితో ఊదేసుకుంటారు. దూది దుమ్ము ఎగిరే సాంచాల షెడ్లలో ఈ సరదా మరీ పుడుతుంది. కన్ను, కర్ణభేరి దెబ్బతినొచ్చు. చర్మం మీద గాయముంటే గాలి లోపలికి దూరొచ్చు. అమెరికాలో యంత్రాలు శుభ్రం చేయడానికి వాడే గాలి కూడా 30 పీఎస్‌ఐ లోపే ఉండాలన్నది అక్కడి భద్రతా సంస్థ నిబంధన. మన షెడ్లలో గన్ను నుంచి వచ్చేది దానికి దాదాపు మూడింతలు.