వార్తల్లో పదం: వీఓసీ

రంగు డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటులో ఎక్కువ భాగం వీఓసీలదే. ఇవి తేలిగ్గా ఆవిరయ్యే కర్బన రసాయనాలు. ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తాయి. అందుకే దక్షిణ కాలిఫోర్నియాలో పారిశ్రామిక నిర్వహణ పూతలకు, నీటిని మినహాయించి లెక్కగట్టి, లీటరుకు 100 గ్రాముల హద్దు పెట్టారు. ద్రావకం బదులు నీళ్లు వాడితే చాలదా? చాలదు. నీటి రంగులో పాలిమర్ సన్నని రేణువులుగా తేలుతుంది. నీరు ఆరాక అవి కలిసిపోయి అతుకులేని పొర కావాలి. గట్టి పాలిమర్ గీతలకు తట్టుకుంటుంది, కానీ దాని రేణువులను మెత్తబరచడానికి మళ్లీ కొంత ద్రావకమే కావాలి. మెత్తటి పాలిమర్‌కు ఆ అవసరం తక్కువ, అయితే పూత మీద దుమ్ము అంటుకుంటుంది. అసలు చిక్కుముడి ఇదే.

నీటి పూత ఇనుమును కాపాడలేదనే వాదనలో కొంత నిజముంది. శుభ్రం చేసిన ఉక్కుపై పూత ఆరేలోపే తుప్పు మరకలు రావచ్చు. విశాఖ లాంటి తేమగాలిలో ఆరడం మరీ ఆలస్యం. అయినా నేటి కార్ల బాడీలకు తుప్పు నుంచి తొలి రక్షణ సాధారణంగా నీటి తొట్టెలో ముంచి, విద్యుత్తుతో పట్టించే ప్రైమరే. దాన్ని ఓవెన్‌లో కాలుస్తారు, నిజమే, వంతెనను కాల్చలేం. కాబట్టి కర్మాగారంలో వేసే పూతలకు హద్దును ముందుగా బిగించడం న్యాయం. ఆరుబయట పనులకైతే లీటరు లెక్కతోపాటు మన్నికనూ చూడాలి: సగం కాలానికే మళ్లీ వేయాల్సిన పూత, అంతే వీఓసీని రెండుసార్లు గాలిలోకి వదులుతుంది.