బియ్యం అయిపోయాక?

ఆదివారం ఉదయం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఆరాధన ముగించుకుని వచ్చిన మాలాంటి వాళ్ళం అక్కడ పది నిమిషాలు ఆగి, ఏ పాత వ్యాఖ్యాన గ్రంథమో చవకగా దొరికితే కొనుక్కుని, నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తాం. 2002లో వానలు మొహం చాటేసిన ఏడు మాత్రం ఆ దారిలో మాకు పుస్తకాలు కనిపించలేదు. మనుషులే కనిపించారు. కొడంగల్ వైపు పల్లెల వాళ్ళు తాండూరులో రైలెక్కితే నాంపల్లిలో దిగుతారు. సత్తు గిన్నెలు, బొంతలు, చంకలో పిల్లలు. పని ఎక్కడ దొరుకుతుందని మమ్మల్నే అడిగేవారు.

మా సంఘంలో కానుక పట్టాం. జనం బాగానే ఇచ్చారు. 2003 ఎండాకాలంలో లారీ మాట్లాడుకుని, బియ్యం బస్తాలు వేసుకుని అటువైపు ఒక పల్లెకు వెళ్ళాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఊరివాళ్ళు వరుసలో నిలబడ్డారు. మొదటి బస్తా విప్పబోతుంటే ఒక పెద్దావిడ ముందుకొచ్చింది.

"అయ్యా, గివి అయిపోయినంక మేమేం జెయ్యాలె?" అంది.

మా దగ్గర జవాబు లేదు. మళ్ళీ తెస్తామని చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే తేలేమని మాకు తెలుసు. ఆవిడే అంది, "బస్తాలు మా సంగానికియ్యుండ్రి. ఉత్తగ ఇస్తె ఒక్కసారి తింటం. అప్పుగ ఇస్తె తిరుగుతనే ఉంటది."

సంఘమంటే మాకు గుర్తొచ్చేది గుడి, కానుక సంచి, పాటల పుస్తకం. ఆ ఊళ్ళో సంఘమంటే పది పదిహేను మంది ఆడవాళ్ళు, వారానికొక కూటం, ఒక ఇనప్పెట్టె, లెక్కల పుస్తకం. అలాంటి చిన్న సంఘాలన్నీ కలిసి ఊరికంతటికీ ఒక పెద్ద సంఘం. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది: ఏ ఇంటికి ఎన్ని కిలోలు కావాలో ముందే రాసుకుంటారు. ఇల్లాలు బియ్యం తీసుకుపోతుంది, కూలి డబ్బులు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా కడుతుంది. వచ్చిన సొమ్ముతో సంఘం మళ్ళీ మిల్లు దగ్గర టోకున కొంటుంది. టోకు ధర కాబట్టి చిల్లర దుకాణం కన్నా చవక. షావుకారు దగ్గర అరువు పెట్టి, అతను చెప్పిన ధరకు, అతను తూచినంత తెచ్చుకునే బాధ తప్పుతుంది. ఇంట్లో గింజలుంటే చేతికొచ్చిన పంటను కల్లంలోనే తెగనమ్ముకోనక్కరలేదు. మేకనో గొర్రెనో అమ్మి బస్సెక్కనక్కరలేదు.

ఆ రోజు సగం బస్తాలు పంచాం, సగం సంఘానికిచ్చాం. పూర్తిగా ఇచ్చే ధైర్యం చాలలేదు.

తిరిగొచ్చాక కమిటీలో పెద్ద గొడవే అయింది. దేవుని పేరున ఇచ్చినదాన్ని అప్పు అంటారా అని ఒక పెద్దాయన నిలదీశారు. కట్టలేని ముసలివాళ్ళ సంగతేమిటి అని మరొకరు అడిగారు. ఆ రెండో ప్రశ్న న్యాయమైనదే. అలాంటివాళ్ళకు ఉచితంగానే ఇవ్వాలని, ఎవరికివ్వాలో సంఘమే తేల్చాలని చివరికి రాసుకున్నాం. మొదటి ప్రశ్నకు జవాబు ఒక రిటైర్డు టీచరమ్మ చెప్పారు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్ళకు గుడి కట్టే పని చూపించి తిండి పెట్టారని, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి రాళ్ళు మోసినవాళ్ళు ఎవరికీ బిచ్చగాళ్ళుగా కనబడలేదని ఆమె అన్నారు. ఆ తర్వాత ఎలీషా కథ చదవమన్నారు.

రాజులు రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది ఆ కథ. ఒక విధవరాలు ప్రవక్తకు మొరపెట్టుకుంది. భర్త పోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. కాస్త నూనె తప్ప ఏమీ లేదంది. అయితే ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అరువు తెచ్చుకో, ఒకటి రెండుతో సరిపెట్టుకోవద్దన్నాడు. నూనె పాత్రలన్నిటా నిండింది, ఇక పాత్ర లేదన్నప్పుడే ఆగింది. నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలినదానితో ఆమె, పిల్లలు బతికారు. అద్భుతం దేవుడిది. పాత్రలు మాత్రం పొరుగువాళ్ళవి. ఎన్నోసార్లు విన్న కథే అయినా ఆ పాత్రల సంగతి మాకు అంతకుముందు పట్టలేదు.

మేము లారీ వేసుకుని అంతదూరం వెళ్ళి నేర్చుకున్నది నిజానికి మా గుడికి నడకదూరంలోనే ఉంది. నాంపల్లి హిల్‌ఫోర్ట్ రోడ్డులోని హెర్మిటేజ్ కాంప్లెక్సులో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఆఫీసు ఉండేది. అందరూ సెర్ప్ అనేవారు. 1996లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మొదలైన పని అది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో 'వెలుగు' పేరున ఆరు జిల్లాల్లో నడిచింది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని మిగిలిన గ్రామీణ జిల్లాలకు పాకింది. తర్వాత ఇందిర క్రాంతి పథం అయింది. అంతకు ముందే నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు 1992లో దూబగుంట నుంచి సారా మీద పోరాడి, ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు పట్టారు. డబ్బు బయటినుంచి వచ్చినా వేరు ఇక్కడిదే. అన్నట్టు ప్రపంచ బ్యాంకు ఇచ్చినదీ దానం కాదు, తిరిగి కట్టవలసిన అప్పే. మా కమిటీ పెద్దాయనకు ఈ మాట చెబితే నవ్వి ఊరుకున్నారు.

ఆ దశకం ముగిసేసరికి ఈ సంఘాల్లో కోటిమందికి పైగా ఆడవాళ్ళున్నారు. మన పల్లెల ఆడవాళ్ళే బీహార్ దాకా వెళ్ళి సంఘాలు ఎలా పెట్టాలో నేర్పి వచ్చారు.

అంతా మంచే జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. నమ్మకంగా అప్పు కట్టే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారని తెలిశాక మైక్రో ఫైనాన్స్ కంపెనీలు దిగాయి. ఒకే ఇంటికి ముగ్గురు నలుగురు అప్పిచ్చారు. వారం వారం కిస్తీ. కట్టలేకపోతే తోటి సభ్యుల చేతనే గుమ్మంలో కూర్చోబెట్టించారు. పాత్రలు అరువిచ్చిన పొరుగువాళ్ళే అప్పులవాడి తరఫున వచ్చినట్టయింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అంతవరకు ఈ పత్రికల్లో, మా ప్రసంగాల్లో ఆ సంగతి ఎంత వినిపించిందో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అదే సంఘాల నుంచి మరో దారి కూడా పట్టింది. 2004 ప్రాంతంలో పురుగుమందుల అప్పు తగ్గించుకోవాలని వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం చల్లడం మొదలుపెట్టారు. మందు కొట్టు బాకీ లేని రైతు ఒక ఏడు వాన తప్పినా నిలదొక్కుకోగలడు. ఆ పని ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయంగా పెరిగి, 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరు విజేతలతో పంచుకుంది. దానికి ఇప్పటికీ ఆధారం మహిళా సంఘాలే.

మేమిచ్చిన సగం బస్తాల సంగతి చెప్పాలి. ఆ ఏడు వానలు పడ్డాయి. 2004లో ఈస్టర్‌కు ముందు ఆ పెద్దావిడ, మరో ఇద్దరు నాంపల్లిలో రైలు దిగి, దారి అడుక్కుంటూ మా గుడికి వచ్చారు. నెత్తిన ఒక మూట. తాండూరు కందిపప్పు. "పండుగకు పప్పు వండుకోండ్రి బిడ్డా" అంది. బియ్యం ఇంకా తిరుగుతోందా అని అడిగితే కొంగున కట్టుకొచ్చిన చీటీ తీసి చూపించింది. ఎన్ని కిలోలు ఎవరింట్లో ఉన్నాయో అందులో రాసి ఉంది. ఇద్దరు ముసలివాళ్ళ పేర్లకెదురుగా మాత్రం ఏమీ రాయలేదు.

ఆ పప్పును ఏ పద్దు కింద రాయాలో మా కోశాధికారికి తోచలేదు. కానుక అందామంటే ఆవిడ మా సభ్యురాలు కాదు. బాకీ వసూలు అందామంటే మేము మళ్ళీ అడగనే లేదు. 'ఇతరములు' అని రాసి, పక్కన కిలోలు వేశారు.